పాములకు బొమ్మలు గీయించిన విశాఖ వైద్యుడు రస్సెల్

సుమ్మాదేవి: జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఉద్దానం తోటల్లోకి దిగేవాళ్లు ముందు కర్రతో ఆకులు కదిపి చూస్తారు. ఎండిన జీడాకు రంగూ, రక్తపింజర వంటి రంగూ ఒక్కటే. అది అడుగుల చప్పుడుకు పారిపోయే పాము కాదు. చుట్ట చుట్టుకుని, కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస కొట్టి, అక్కడే ఉంటుంది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి మండలాల్లో ఈ పాము గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ పాముకు లోకమంతా వాడే ఇంగ్లీషు పేరు రస్సెల్స్ వైపర్. ఆస్పత్రి చీటీల మీద, విషానికి విరుగుడు మందు సీసాల మీద కూడా ఆ పేరే. ఆ రస్సెల్ ఎవరన్నది మాత్రం పాము పేరు చెప్పినంత సులువుగా ఎవరూ చెప్పలేరు. ఆయన ఎక్కడో సీమలో కూర్చుని పేరు తగిలించుకున్న మనిషి కాదు. 1780 దశకంలో విశాఖపట్నంలో కాపురమున్న వైద్యుడు. మన తీరంలో దొరికే పాములను, చేపలను పట్టించి, వాటికి ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, ఇక్కడి జనం పిలిచే తెలుగు పేర్లతోనే వాటిని పుస్తకాలకెక్కించిన ఘనత ఆయనది. ఫోటో అన్నది పుట్టకముందు సంగతి ఇది. అప్పట్లో ఒక జంతువును చూడనివాడికి చూపించాలంటే చిత్రకారుడి చెయ్యి ఒక్కటే దారి.

ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లాండు దేశంలోని ఎడింబరో పట్టణంలో ఒక న్యాయవాది ఇంట జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే వైద్యం చదివి 1750లో పట్టా పుచ్చుకున్నారు. ఆయన సవతి అన్న అలెగ్జాండర్ అప్పటికే సిరియా దేశంలోని అలెప్పో నగరంలో ఇంగ్లీషు వర్తకులకు వైద్యుడు. అన్న పిలుపు మీద ప్యాట్రిక్ కూడా అక్కడికి వెళ్లి, 1753లో అన్న చేస్తున్న కొలువులో చేరారు. ఒంటెల బిడారులు వచ్చిపోయే వర్తక నగరం అది. దాదాపు పద్దెనిమిదేళ్లు అక్కడే గడిపారు.

అలెప్పోలో 1760 నుంచి 1762 దాకా ప్లేగు మహమ్మారి చెలరేగింది. ఊరు విడిచిపోగలిగినవాళ్లు పోయారు. రస్సెల్ ఉండిపోయి రోగులను చూస్తూ, ఏ వారంలో ఎలా సోకింది, ఎవరికి ఏ గుర్తులు కనిపించాయి అన్నది రాసుకుంటూ వచ్చారు. ఆ రాతలే 1791లో ప్లేగు మీద పెద్ద గ్రంథమై అచ్చయ్యాయి. అరబ్బుల్లో మశూచికి టీకా వేసే పాత పద్ధతి ఉందని గమనించి దాని గురించీ రాశారు. అది జెన్నర్ టీకా కంటే చాలా ముందు మాట. కంటపడినదాన్ని వదలకుండా కాగితం మీద పెట్టడం ఆయనకు అక్కడే అలవాటయింది. 1771లో అలెప్పో విడిచి లండన్ చేరి వైద్యం పెట్టారు. 1777లో అక్కడి రాయల్ సొసైటీలో సభ్యత్వం దొరికింది.

ఇక స్థిరపడ్డారనుకునే వయసులో, యాభై దాటాక, 1781లో ఆయన మన వైపు ఓడ ఎక్కారు. కారణం తమ్ముడు. క్లాడ్ రస్సెల్‌ను ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నం కొలువుకు అధికారిగా వేసింది. తమ్ముడి వెంట అన్న వచ్చారు. ఆ రోజుల్లో ఈ ప్రాంతమంతా ఉత్తర సర్కార్లు. పలాస, టెక్కలి ప్రాంతం గంజాం వైపు లెక్క. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక గాని ఇది విశాఖపట్నం జిల్లాలో కలవలేదు. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో.

రస్సెల్ మొదట ఉద్యోగిగా రాలేదు. అప్పటికి కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్నది జాన్ కోనిగ్ అనే ఆయన. స్వీడన్ దేశపు సుప్రసిద్ధ శాస్త్రవేత్త లిన్నేయస్ దగ్గర చదువుకున్నవాడు. 1785లో కోనిగ్ కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో జబ్బుపడి మరణించారు. ఆ స్థానాన్ని రస్సెల్‌కు ఇచ్చారు. చెట్టూ చేమా, పురుగూ పుట్రా వెతికి వివరం రాయడం ఆ ఉద్యోగం పని.

మొక్కల సంగతి చూడడానికి సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ ఉండనే ఉన్నారు. ఆయన కూడా ఇక్కడి చిత్రకారులను పెట్టుకుని మొక్కలకు రంగు బొమ్మలు వేయించారు. ఆయన పర్యవేక్షణలో తయారైన బొమ్మలు తర్వాతి కాలంలో రెండువేల అయిదు వందలు దాటాయి. వాటిలో ఏరినవి లండన్‌లో 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కలు అనే పుస్తకంగా వస్తే, దానికి ముందుమాట రాసింది రస్సెలే. ఇద్దరిలో మొక్కలు ఒకరివి, పాములూ చేపలూ ఒకరివి అయినట్టయింది.

పాముల మీద ఆయన దృష్టి పడడానికి కారణం శాస్త్రం మీద మోజు ఒక్కటే కాదు. ఆయన ముందు వైద్యుడు. ఈ దేశంలో పాము కాటుకు చచ్చేవాళ్ల సంగతి వచ్చిన కొత్తలోనే తెలిసింది. అంతకంటే ఆయనను కలవరపెట్టినది, ఏ పాము విషపుదో ఏది కాదో కంపెనీ డాక్టర్లకు కూడా తెలియకపోవడం. కరిచిన పాము ఏదో తెలియనప్పుడు మందు పనిచేసిందో, అసలు పాముకు విషమే లేదో ఎవరు చెప్పగలరు? నీరుకట్టు కరిచినవాడికి వేరు నూరి పోసి బతికించానని చెప్పుకునే వైద్యులు అప్పుడూ ఉన్నారు.

అందుకని ఆయన విషపు పాములను గుర్తుపట్టే విధానం మీద ఒక పత్రం రాసి మద్రాసు ప్రభుత్వానికి పంపారు. 1787లో ప్రభుత్వం దాన్ని అచ్చువేసి వైద్యులకు పంచింది. నోరు తెరిచి కోరలు చూడాలన్నది అందులో ప్రధానం. విషం పాముకు పై దవడ ముందు భాగంలో బోలు కోరలుంటాయి. విషం లేనివాటికి ఆ చోట కోరలుండవు, దవడ అంచు పొడవునా చిన్న పళ్ల వరుస ఉంటుంది. ఈనాడు బడిపిల్లల పుస్తకంలో ఉన్న సంగతే. అప్పటికి చాలామంది డాక్టర్లకు అది కొత్త.

మాటలతో చెబితే మాత్రం చాలదని ఆయనకు తెలుసు. చారలున్న పాము అంటే ఎన్ని పాములకు చారలు లేవు? బొమ్మ కావాలి. ఆ బొమ్మ అందంగా ఉంటే చాలదు, లెక్కకు సరిపోవాలి. పాము పొట్ట కింద అడ్డంగా ఉండే పొలుసు పట్టీలు ఎన్ని, తోక కింద ఎన్ని, తల మీద బిళ్లలు ఎలా అమరి ఉన్నాయి అన్నవి ఆనాడు పామును గుర్తించే ఆనవాళ్లు. రస్సెల్ ప్రతి పాముకూ ఆ లెక్క రాశారు.

ఆయన స్వయంగా చిత్రకారుడు కాడు. బొమ్మలు గీసింది ఈ దేశపు చిత్రకారులు. వాళ్ల పేర్లు లోకానికి మిగలలేదు. పాము తెచ్చినవాడి పేరూ లేదు, గీసినవాడి పేరూ లేదు. రంగుసుద్దలతో పులులను, ఏనుగులను గీసి పేరు తెచ్చుకునేవాళ్లు నేడు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లకు ఫోటోల సాయం ఉంది, నెలల తరబడి దిద్దుకునే తీరిక ఉంది. విశాఖ చిత్రకారుడికి ఎదురుగా ఉన్నది బుట్టలో పాము. చచ్చిన పాము రంగు నిలవదు. సారాయిలో వేసి దాచితే మిగిలిన రంగూ వెలిసిపోతుంది. చేప సంగతి మరీ అన్యాయం. వలలోంచి తీసినప్పుడు మెరిసే రంగు ఒడ్డుకు చేరేసరికే మారిపోవడం భావనపాడు, బారువ గంగపుత్రులు రోజూ చూసేదే. ఎండా ఉక్కా ఉన్న ఊళ్లో ఆ కాసేపట్లోనే గీత గీయాలి, ముల్లు లెక్క తప్పకూడదు. ఒక రెక్కలో ముల్లు తక్కువ పడితే అది ఇంకో చేప అవుతుంది.

రస్సెల్ పాముల పేర్లను ఇంగ్లీషులో కొత్తగా కల్పించలేదు. జనం చెప్పిన పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. ఆనాడు తెల్లవాళ్లు తెలుగును జెంటూ అనేవారు. రక్తపింజర ఆయన పుస్తకంలో కాటుక రేకుల పొడ. వీపు మీద కాటుకతో దిద్దిన రేకుల్లాంటి మచ్చలు వరసగా ఉండే పొడపాము అన్నమాట. చంపే పాముకు ఇంత చక్కని పేరు పెట్టిన తెలుగువాడెవడో గాని, చిత్రకారుడి చూపున్నవాడే. కొండచిలువ అందులో పెద్ద పొడ. కొమ్మల మీద వేలాడే పచ్చని పాము పసిరిక పాము. కళ్లు పొడుస్తుందని దాన్ని చూసి మన పిల్లలు పారిపోతారు, మనిషి ప్రాణం తీసే విషం దానికి లేదు. పొలుసులు రుద్దుకుని గరగరలాడే చిన్న పింజరకు హొరట్ట పాము అన్న పేరు రాసి ఉంది. నల్ల, పసుపు పట్టీల పాముకు బంగారు పాము అన్న పేరు ఎక్కింది. ఆ బంగారు పాము మన పొరుగునే ఉన్న గోపాలపురం దగ్గరి మన్సూరుకోటలో దొరికినది. అంటే ఇచ్ఛాపురం దాటితే వచ్చే తీరం.

గుర్తుపట్టడంతో ఆయన ఆగలేదు. విషం ఎంతసేపట్లో చంపుతుందో చూడడానికి కోళ్లను, కుక్కలను పాములచేత కరిపించి, నిమిషాలు లెక్కపెట్టి రాశారు. ఇప్పుడు వింటే మనసుకు కష్టంగానే ఉంటుంది. ఆ కాలంలో వైద్యులకు మరో దారి తోచలేదు. అప్పట్లో తంజావూరు మాత్రలకు పాము కాటు మందుగా గొప్ప పేరుండేది. పాషాణం, మిరియాలు వంటివి కలిపి చేసేవారు. రస్సెల్ ఆ మాత్రను పరీక్షకు పెట్టారు. మందు వేసినా చచ్చినవి ఉన్నాయి, మందు లేకుండా బతికినవీ ఉన్నాయి. పాము ప్రతిసారీ ఒకే మోతాదు విషం వదలదు కాబట్టి ఒకడు బతికినంత మాత్రాన మందు గొప్పదని చెప్పడానికి వీల్లేదని ఆ లెక్కలే చూపించాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ఒక్క ముక్క మన ఊళ్లలో అందరికీ ఎక్కలేదు.

1789లో ఆయన విశాఖ విడిచి ఇంగ్లండు వెళ్లిపోయారు. బొమ్మలు వెంట వెళ్లాయి. లండన్‌లో కంపెనీ డైరెక్టర్ల ఖర్చు మీద, 1796లో కోరమాండల్ తీరపు పాముల గ్రంథం వెలువడింది. విశాఖలో గీసిన బొమ్మను చూసి అక్కడి పనివాడు రాగి రేకు మీద చెక్కాలి. ఆ రేకుకు సిరా పూసి కాగితం మీద అచ్చు తీయాలి. ఆ తర్వాత ప్రతి కాగితానికీ మనుషులు కూర్చుని చేత్తో రంగు వేయాలి. నలభై ఆరు పలకల బొమ్మలున్న పెద్ద సైజు పుస్తకం అది. సామాన్యులు కొనగలిగింది కాదు.

పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1797లో, లండన్ మ్యూజియంలో పనిచేసే జార్జి షా అనే శాస్త్రవేత్త కాటుక రేకుల పొడకు రస్సెల్ పేరు మీద శాస్త్రనామం పెట్టారు. ఈనాటి శాస్త్రనామం దబోయా రస్సెలీ. దబోయా అన్నది హిందీ మాట, పొంచి ఉండేది అని అర్థం. 1801లో ష్నైడర్ అనే జర్మన్ పండితుడు రస్సెల్ పుస్తకంలోని వర్ణన, బొమ్మల ఆధారంగా కట్లపాముకూ బంగారు పాముకూ శాస్త్రనామాలు పెట్టారు. ఆ రెండు పాముల జాతి పేరు బంగారస్. 1803లో డోడెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టిన ఆ పేరు అచ్చంగా మన తెలుగు బంగారమే. ఇండోనేషియాలో, చైనాలో కట్లపామును చదివే విద్యార్థి కూడా నేటికీ ఆ తెలుగు మాటనే పలుకుతున్నాడు. పసిరిక పాము పేరు కూడా కొంతకాలం పాసెరిటా అనే జాతి పేరుగా శాస్త్ర గ్రంథాల్లో నడిచింది.

చేపల పుస్తకం 1803లో రెండు సంపుటాలుగా వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వివరాలు, బొమ్మలు అన్నది దాని పేరు. దీనికి రంగులు వేయలేదు, గీతల బొమ్మలే. పక్కన తెలుగు పేర్లు. పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కించే చేప అందులో తిమిరి, శాస్త్రంలో ఒక జాతికి ఆ మాట నుంచే టెమెరా అని పేరు వచ్చింది. చెరువుల్లో దొరికే వాలుగ వల్లాగో అయింది. సొర చేప పేరు సొర్రా అనే రూపంలో ఒక సొర రకానికి నిలిచిపోయింది. రస్సెల్ పేరు తగిలిన చేపలూ కొన్ని ఉన్నాయి. ఆ పేర్లు చెప్పినవాళ్లు చదువురాని బెస్తలు. తెప్ప మీద వెళ్లి వచ్చి ఒడ్డున నిలబడి చెప్పిన మాటలు లాటిన్ పుస్తకాలకెక్కాయి.

ఇవన్నీ పేర్ల ముచ్చట్లే కదా అనుకుంటే పొరపాటు. పాము కాటుకు నిజమైన విరుగుడు రస్సెల్ చనిపోయిన చాలా కాలానికి, 1890 దశకంలో ఫ్రాన్సు శాస్త్రవేత్త కాల్మెట్ చేతుల మీదుగా వచ్చింది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తం నుంచి మందు తీయడం ఆ పద్ధతి. మన దేశంలో ఆస్పత్రుల్లో ఇచ్చే మందు నాలుగు పాముల విషానికి కలిపి చేసినది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఈ నాలుగూ రస్సెల్ పుస్తకంలో బొమ్మలతో సహా ఉన్నవే. ఏ పాము విషం తీయాలో తెలియకుండా మందు తయారు కాదు. పామును పాముగా కాక ఫలానా పాముగా గుర్తించడం ఈ తీరంలో అప్పుడు మొదలైంది. ఆ విషంలో చాలా భాగం తమిళనాడులో 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం పట్టే పాముల నుంచి వస్తోంది.

2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో మన దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన లెక్కకట్టింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లోని వాళ్లే. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఉద్దానంలో కిడ్నీ మాట ఎత్తగానే అందరికీ వేరే జబ్బు తలపుకొస్తుంది. ఇది దానితో సంబంధం లేనిది. కరిచిన కాలు కదపకుండా, గట్టిగా కట్లు బిగించకుండా, కోయకుండా, నోటితో పీల్చకుండా మనిషిని నేరుగా ఆస్పత్రికి చేర్చడమే చేయవలసిన పని. పామును చంపి వెంట తీసుకెళ్లనక్కరలేదు. దాని కోసం వెతుకుతూ మరో మనిషి కాటు తిన్న సందర్భాలున్నాయి.

లండన్‌లో రస్సెల్ చివరి రోజులు ఆ బొమ్మల మధ్యనే గడిచాయి. పెళ్లి చేసుకోలేదు. అన్న రాసిన అలెప్పో పుస్తకాన్ని పెంచి, దిద్ది 1794లో మళ్లీ అచ్చు వేయించారు. వెదురు కణుపుల్లో గట్టిపడే తెల్లని పదార్థం మీద ఒక వ్యాసం రాశారు. మన నాటువైద్యులు వాడే తవక్షీరి అదే. 1804లో, డెబ్బై అయిదు దాటిన వయసులో, నాగుపాము పడగ ఎలా విప్పుతుందో ఎవరార్డ్ హోమ్ అనే శస్త్రవైద్యుడితో కలిసి రాయల్ సొసైటీకి వివరించారు. పడగ ఊదితే ఉబ్బేది కాదు, మెడ దగ్గరి పొడవాటి పక్కటెముకలు విచ్చుకోవడం వల్ల విప్పారేది. పాములవాడి బుట్ట ముందు నిలబడి ఊపిరితో ఉబ్బిస్తోందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పాముల గ్రంథానికి రెండో సంపుటం కూడా ఆయన సిద్ధం చేసుకున్నారు. అది 1801 నుంచి భాగాలుగా రావడం మొదలైంది. 1805 జూలై 2న, కొద్ది రోజుల జబ్బుతో, రస్సెల్ లండన్‌లో కన్నుమూశారు. మిగిలిన భాగాలు ఆయన పోయాక అచ్చయ్యాయి. ఆఖరుది బయటికి వచ్చేసరికి 1809వ సంవత్సరం.